కూతకు రివ్యూ లేదు

గాలిలో పలక గీసినట్టు రెండు చూపుడు వేళ్ళతో నాలుగు మూలలు చూపించింది సుప్రియ. అంపైరు నోట్లోంచి ఈల తీశాడు. మైకులో ఎవరో "రివ్యూ, పసుపు జట్టు రివ్యూ" అన్నారు. మైకు గరగరలో ఆ మాట కాటమరాజు చెవికి రెవిన్యూ అని వినిపించింది. కట్టె మీద గడ్డం ఆనించి కూర్చున్నవాడు తల ఎత్తాడు. ఆడపిల్లల కబడ్డీలో రెవిన్యూ వాళ్ళకేం పని? కానీ వేదిక మీద నడిమి కుర్చీలో, మెడలో బంతిపూల దండతో, తాసిల్దారాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఉండనే ఉన్నాడు. పొద్దున రిబ్బను కత్తిరించినవాడు మధ్యాహ్నం భోజనం కాగానే పోవాలి గదా, ఎందుకు పోలేదు? ఇందుకే అన్నమాట. ఆయన్ను ఇందుకే కూర్చోబెట్టుకున్నారు. అంతా ఒక్కసారిగా అర్థమైనట్టయింది కాటమరాజుకు, అర్థమయ్యేసరికి నోరు చేదయింది.

ఫైనలు ఆట, చివరి కూత. ఎరుపు బనీన్ల వాళ్ళకు ఇరవై ఎనిమిది, మన పసుపు బనీన్ల వాళ్ళకు ఇరవై ఏడు, బోర్డు మీద సుద్దతో రాసి ఉంది. అట్లాంటప్పుడు కూతకు పోయింది మల్లి, కాటమరాజు కొడుకు బిడ్డ, గొర్రెల దొడ్డిలో పుట్టి పెరిగినట్టు పెరిగి ఇప్పుడు మార్కాపురం కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. పోయి, ఇద్దరిని తాకి, మూడో అమ్మాయి నడుం పట్టుకోబోతే జారి, నడిగీత మీద బోర్లా పడింది. పడీ పడగానే పక్కగీత దగ్గర నిలబడ్డ ఫణికుమార్ సారు చెయ్యి ఎత్తాడు. తాకకముందే కాలు పక్కగీత దాటింది, ఔటు, అని. దాటి ఉంటే ఆట పోయింది. దాటకపోతే రెండు పాయింట్లు, ఇరవై తొమ్మిది, గెలుపు. గెలిచిన జట్టు యూనివర్సిటీ పోటీలకు రైలెక్కి పోతుంది. మల్లి ఒంగోలు దాటి ఎరగదు. అదంతా ఇప్పుడు ఆ కాలి మడమ కింద ఉంది. ఆ చెయ్యి ఎప్పుడు లేచింది, కాలు ఎప్పుడు పడింది? కాటమరాజు చూశాడు, కాలు పడకముందే లేచింది చెయ్యి. పొద కదలకముందే తోడేలు అని అరిచేవాడికి తోడేలు సంగతి ముందే తెలిసి ఉండాలి. ఇంతకుముందు ఆట మధ్యలో విరామమిచ్చినప్పుడు ఆ సారు ఎరుపు జట్టు కోచి పక్కన నిలబడి కూల్ డ్రింకు తాగాడు, తాగుతూ నవ్వాడు, నవ్వి ఖాళీ సీసాను ఆ కోచి చేతికే ఇచ్చాడు. సీసా పారేయడానికి అంత పెద్ద మైదానం ఉండగా ఆ చేతికే ఎందుకివ్వాలి?

గీత కూడా పొద్దుటి గీత కాదు. పొద్దున సున్నం పోసినప్పుడు నాలుగు వేళ్ళ వెడల్పుంది, తాడు పట్టి పోశారు. మధ్యాహ్నం ఆడపిల్లల కాళ్ళకు చెదిరిపోతే తాడు లేకుండా పోశారు, డబ్బాకు చిల్లులు పొడిచి ఊపుకుంటూ పోయాడు ఒకాయన, ఆ మూలకు వచ్చేసరికి ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తూ పోశాడు. గీతలు అట్లనే వంగుతాయి. పెద్దారవీడు పైన కొండకింద నాయన చేను కొలిచిన రోజు కూడా గొలుసు పట్టుకున్న మనిషిని ఎవరో పిలిచారు, వాడు వెనక్కి తిరిగాడు, తిరిగినప్పుడు గొలుసు కొన సరిహద్దు రాయికి ఇవతల పడింది. నాయన అరిచాడు. కాగితం మీద రాసుకుంటున్న ఆయన తలెత్తకుండా, గట్టు ఎవరిదయ్యా, నీదా వాళ్ళదా, అని అడిగాడు. గట్టు ఎవరిదని నాయన ఎప్పుడూ అనుకోలేదు, గట్టు మీద వేపచెట్టు ఉండేది, రెండు చేల వాళ్ళూ దాని కిందే అన్నం తినేవాళ్ళు. నాయన నోరు తెరిచి మూసేలోగా రాయడం అయిపోయింది. ఆ పూట పక్క చేను వాళ్ళింట్లో కొలత వాళ్ళకు కోడికూర వండిన వాసన వచ్చింది. ఇప్పుడు ఈ దండ వేసుకున్నాయన కూడా అట్లనే, తలెత్తకుండా, గీత ఎవరిదమ్మా అని మల్లిని అడుగుతాడు. మల్లికేం తెలుసు?

"గీత మనదే అన్నా," అన్నాడు పక్కనుంచి హనుమంతరావు, లోపలి మాట విన్నట్టే. మార్కాపురంలో పలకల దుకాణం ఆయనది. సుప్రియ ఆయన కూతురి కూతురు, పసుపు జట్టు కెప్టెను. పొద్దుటి నుంచీ ఇద్దరూ నడిగీతకు ఎదురుగా ఈ పిట్టగోడ మీదే కూర్చున్నారు, ఒకాయన మాట్లాడుతూ, ఒకాయన మాట్లాడకుండా. "గీత తొక్కితే ఔటు గాదు. గీత దాటి అవతలి మన్ను తగిలితేనే ఔటు. రూలు బుక్కులో ఉండాది. ఆ ఫణికుమారు గానికి రూలు తెల్దు, తెల్సినా కండ్లు లేవు, కండ్లున్నా అవి ఆపక్కకే చూస్తాయి. ఈలలు అమ్ముకునే మొగం, వానికి అంపైరు పనంట!"

కాటమరాజు గొంతు సవరించుకున్నాడు. పొద్దుటి నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మూడో మాట ఇది.

"రెవిన్యూ వాళ్ళు ఎందుకు సావుకారూ?"

హనుమంతరావు తొడ చరుచుకుని నవ్వాడు, గోడ మీంచి జారిపోయేంత. "రెవిన్యూ గాదన్నా, రివ్యూ! రివ్యూ అంటే ఇంకోతూరి చూసేది. టీవీలో చూడలా? వీడియో తిప్పి తిప్పి చూస్తారు. ఈ ఏడాది మనకి గూడా పెట్టినారు, జట్టుకి ఒక్కటంటే ఒక్కటే. మన సుప్రియ దాచి దాచి ఇప్పుడు వాడింది."

ఇంకోసారి చూసేది. అంతేనా. కాటమరాజు సిగ్గుపడలేదు, అనుమానం కూడా పోలేదు, చోటు మారిందంతే. చూసేది ఎవరు? షామియానా కింద బల్ల మీద ల్యాప్‌టాపు పెట్టారు, ఎండకు అద్దం కనబడక దాని మీద తువ్వాలు కప్పారు, తువ్వాలు కింద నాలుగు తలలు దూర్చారు. నలుగురిలో ఒకడు ఫణికుమారే. తప్పు చేసినవాడినే తువ్వాలు కిందికి పోనిస్తే లోపల ఏం చూస్తున్నాడో ఏం చూపిస్తున్నాడో ఎవరికి తెలుసు? పది నిమిషాలైంది. అప్పుడు కరెంటు పోయింది. ల్యాప్‌టాపులో చార్జింగు లేదు, ఆరిపోయిందని మైకు లేకుండానే అరిచి చెప్పారు, జనరేటరుకు మనిషిని పంపామన్నారు. పొద్దుటి నుంచి పోని కరెంటు ఇప్పుడే పోవాలా? కోర్టులో పసుపు పిల్లలు ఒకవైపు, ఎరుపు పిల్లలు ఒకవైపు కింద కూలబడ్డారు. మల్లి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. గోడ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ప్రతి కూతకూ ముందు ఒకసారి, వెనక ఒకసారి తాతను చూసే పిల్ల, ఇప్పుడు చూడడం లేదు.

ఎందుకు చూడడం లేదో ఆయనకు తెలుసు. తెలియనట్టు ఫణికుమార్ చేతిని తలుచుకున్నాడు, సున్నం డబ్బాను తలుచుకున్నాడు, తువ్వాలును తలుచుకున్నాడు. తలుచుకున్న కొద్దీ ఆ చిన్న చప్పుడు వాటన్నిటి కిందినుంచీ మెల్లగా పైకి వస్తూనే ఉంది, నీళ్ళ తొట్టిలో అణిచిపెట్టిన సొరబుర్ర లాగా. మల్లి అవతలికి పోయి కబడ్డీ కబడ్డీ అంటుండగా ఆయన లెక్కపెడుతున్నాడు. ఆయన లెక్క గడియారం లెక్క కాదు. దొడ్డి తడిక తీసినప్పుడు గొర్రెలు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి గదా, ఆ నడకన లెక్క. చిన్నప్పుడు మల్లి తడిక పక్కన నిలబడి కూత మొదలుపెట్టేది, గొర్రెలు వచ్చేవి, ఆయన లెక్కపెట్టేవాడు, పదో గొర్రెకు తెగేది, ఇరవైకి తెగేది, పదిహేనేళ్ళు వచ్చేసరికి ఒక్క కూతలో నలభై గొర్రెలు బయటికి వచ్చేవి. ఈ రోజు ఇద్దరిని తాకి తిరిగేటప్పటికి ముప్పై రెండు. అప్పుడు మైదానం వెనకగా నంద్యాల వైపు పోయే రైలు కూత పెట్టింది, పొడుగ్గా, చెవులు గింగురుమనేటట్టు. జనం అరుస్తున్నారు, డప్పు మోగుతోంది, దాని మీద రైలు కూత, దాని కింద మల్లి కూత. ముప్పై అయిదు. ముప్పై ఆరు. అక్కడ, క, అని ఆగి, లోపలికి ఒక్క గుక్క, చిన్నది, పొదుగు వదిలి ఊపిరి పీల్చుకుని మళ్ళీ పొదుగు అందుకునే గొర్రెపిల్ల చేసే చప్పుడంత, తర్వాత మళ్ళీ బడ్డీ. నడిగీత ఇంకా రాలేదు. నూరు గొర్రెలు అరుస్తుంటే తల్లి తప్పిన ఒక్క పిల్ల అరుపు పట్టుకునే చెవి ఆయనది. ఆ చెవికి రైలు అడ్డమా?

కూత తెగితే ఔటు. కాలు గీత దాటిందా లేదా అన్నది తర్వాతి మాట. ఎవరూ వినలేదు. పక్కగీత దగ్గరున్నవాడు కాలు చూశాడు, పెద్ద అంపైరు తాకింది చూశాడు, తువ్వాలు కింద తలలు కూడా కాలే చూస్తున్నాయి.

వినేవాళ్ళు ఎట్లా వింటారో కూడా ఆయనకు తెలుసు. మీసాలు వచ్చిన కొత్తలో, వాగు ఇసుకలో, మన ఊరికీ అవతలి పల్లెకూ చెడుగుడు. కూత వినడానికి కాటమరాజును నిలబెట్టారు. గొల్లాయన చెవి పాము చెవి, అబద్ధం చెప్పడు, అని రెండు పల్లెలూ ఒప్పుకుని నిలబెట్టాయి. గెలిచిన పల్లెకు పొట్టేలు. ఆ పొట్టేలు కాటమరాజు మందలోదే. ఊరి పెద్దలు అడిగి తీసుకున్నారు. నుదుట తెల్లచుక్క, తల్లి చస్తే గుడ్డ తడిపి పాలు పిండి ఆయన పెంచింది, పిలవకుండానే వెంట వచ్చేది. వేపమొద్దుకు కట్టేసి ఉంటే ఆటంతా ఆయన వైపే చూసి అరుస్తూ ఉంది. చివరి కూత అవతలి పల్లె కోటిది. కోటి ముగ్గుర్ని తాకి, గుక్క పట్టిన గుక్క వదలకుండా, మెడ నరాలు తాళ్ళలాగా లేచి, చెడుగుడు చెడుగుడు అంటూనే గీత ఇవతల పడ్డాడు. ఎక్కడా తెగలేదు. నీళ్ళధారలా వచ్చింది. కాటమరాజు పొట్టేలు వైపు చూశాడు. అది అవతలి పల్లెకు పోతే రాత్రికి ముక్కలు. "కూత తెగింది," అన్నాడు. రెండే మాటలు. ఎంత సులువుగా వచ్చాయో. మన ఊరివాళ్ళు ఎగిరారు. కోటి ఇసుక దులుపుకుంటూ వచ్చి, మొగంలో మొగం పెట్టి, "చెవి పట్టుకుని చెప్పు రాజన్నా," అన్నాడు. కాటమరాజు చెవి పట్టుకుని చెప్పాడు.

పొట్టేలును ఆ సాయంత్రమే కోశారు. మన ఊరివాళ్ళే, గెలిచినందుకు. ఆయన వాటా ఆకులో చుట్టి ఇంటికి పంపారు.

కోటి మళ్ళీ ఆటకు దిగలేదు, తగువుకూ రాలేదు. కంభం సంతలో గొర్రెల దగ్గర ఎదురైనప్పుడల్లా ఒక్క మాట అడిగేవాడు, "చెవులు బాగున్నాయా రాజన్నా?" అని. నవ్వుతూనే అడిగేవాడు. ఊరోళ్ళు బిడ్డలు బాగున్నారా అన్నట్టు, వానలు పడినాయా అన్నట్టు. నలభై ఏళ్ళకు పైన అడిగాడు. నిరుడు పోయాడు. పోయాడని తెలిసిన సంతరోజు కూడా కాటమరాజు ఆ గొర్రెల మూల దగ్గరికి పోయి కాసేపు నిలబడి వచ్చాడు. అప్పటి నుంచే, కాదు, ఆ ఇసుక రోజు నుంచే, మాట తగ్గింది ఆయనకు. మాట ఎంత సులువుగా వస్తుందో తెలిసినవాడికి మాట్లాడబుద్ధి కాదు. ఏ తీర్పరినీ నమ్మబుద్ధి కాదు. సర్వేయరు, పంచాయితీ పెద్ద, కాటా దగ్గర కూర్చున్నవాడు, ఈలేసుకున్న ఈ ఫణికుమారు, ఎవరు చెయ్యి ఎత్తినా ముందు వాళ్ళ వెనక కట్టేసిన పొట్టేలు ఎక్కడుందా అని వెతుకుతాడు. అందరి వెనకా ఉంటుందని అనుకుంటాడు. ఇవాళ మాత్రం ఆ పొట్టేలు పసుపు బనీను వేసుకుని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది.

జనరేటరు దగ్గినట్టు దగ్గి అందుకుంది. తువ్వాలు కిందికి మళ్ళీ తలలు పోయాయి. ఇంతలో ఎరుపు జట్టు వైపు గొడవ. వాళ్ళ పిల్ల ఒకతి, పొడుగాటిది, విజయ అని పిలుస్తున్నారు, బల్ల దగ్గరికి పోయి చేతులు తిప్పుతోంది. మల్లి నడుం పట్టుకోబోయింది ఆ పిల్లే. దగ్గరగా ఉంది, ఆ పిల్లా విన్నది. "కూత తెగింది సార్! నా చెవి పక్కనే తెగింది! కాలు గాదు సార్, కూత చూడండి!"

"కూతకి రివ్యూ లేదమ్మా," అన్నాడు పెద్ద అంపైరు. "కాలికి, టచ్చుకే రివ్యూ. పైగా మీ రివ్యూ అయిపాయె. పో, కూచోపో."

"వీడియోలో సౌండు పెట్టండి సార్!"

"పెడితే ఏముండాది, రైలే ఉండాది," అన్నాడు ల్యాప్‌టాపు దగ్గర మనిషి, నలుగురూ నవ్వారు.

హనుమంతరావు కూడా నవ్వాడు. "చూసినావా అన్నా, ఓడిపోతావుంటే ఎన్ని కతలో! కూతంట!" ఇంతసేపూ రూలు బుక్కు అన్న మనిషికి ఇప్పుడు కూత రూలు కత అయింది. కాటమరాజు నవ్వలేదు. ఇదేం రూలు, కంటికి రెండోసారి ఉంది, చెవికి లేదా? ఉంటే ఎవరికి లాభం? లేకపోవడం ఎవరికి లాభం? మొదటిసారిగా ఆ అనుమానం తిరిగి తిరిగి వచ్చి తన గోడ మీదే కూర్చుంది. ఆ పిల్ల చుట్టూ చూసింది, కన్నీళ్ళు లేవు గాని మొగమంతా మన్ను. నడిగీతకు ఎదురుగా, నాలుగు బారల దూరంలో, గోడ మీద ఇద్దరు ముసలివాళ్ళు కనబడ్డారు. నేరుగా వచ్చింది.

"తాతా, నువ్వు ఈడనే ఉండావు గదా. నువ్వు యిన్నావా? కూత తెగలా?"

"ఆయనకి చెముడమ్మా," అన్నాడు హనుమంతరావు గబుక్కున. "రెండు చెవులూ యినపడవు. రివ్యూ అంటే రెవిన్యూ అనుకున్నాడు, పాపం."

ఎంత మంచి దారి. అబద్ధం కూడా తాను ఆడనక్కరలేదు, ఇంకొకరు ఆడేశారు, ఊరకే ఉంటే చాలు. ఊరకే ఉండడం ఆయనకు వచ్చిన పనే. ఆ పిల్ల కాసేపు చూసి, అట్లనా, అన్నట్టు తల ఊపి వెనక్కి తిరగబోయింది. చెవులు బాగున్నాయా రాజన్నా, అన్నాడు కోటి. ఎక్కడి నుంచి అన్నాడో. కాటమరాజు చెయ్యి దానంతట అదే లేచి కుడి చెవి పట్టుకుంది.

"తెగింది," అన్నాడు.

గట్టిగానే అన్నాడు. మందను పిలిచే గొంతు, చాలారోజులుగా వాడని గొంతు, మైదానం అవతలి దాకా పోయింది. తువ్వాలు కింద తలలు బయటికి వచ్చాయి. "కూత తెగింది," అన్నాడు మళ్ళీ, "గీతకి మూడడుగుల ముందు."

"ఏందన్నా నువ్వు!" హనుమంతరావు భుజం పట్టి ఊపేశాడు. "సొంత మనవరాలి నోట్లో మన్ను గొడతావా? మతి గాని పోయిందా? నా బిడ్డ బిడ్డ గూడా ఉండాది గదయ్యా ఆ జట్టులో!" కాటమరాజు చెవి వదల్లేదు. విజయ పరుగెత్తింది బల్ల దగ్గరికి, ఆ తాత చెప్తున్నాడు సార్, అని. పెద్ద అంపైరు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు చూసి, "చూసేటోళ్ళ మాట చెల్లదమ్మా," అన్నాడు. అని మైకు అందుకున్నాడు. కాలు గీత మీదే ఉంది. గీత దాటలేదు. పసుపు జట్టుకు రెండు పాయింట్లు. ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. ఫణికుమార్ సారు తలవంచుకుని పక్కకు జరిగాడు. పాపం, ఆయన వెనక పొట్టేలు లేదు, ఆయన కళ్ళు మంచివి కావంతే. డప్పు మోగింది, పసుపు పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు, దండ వేసుకున్నాయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. హనుమంతరావు కోపం మరిచిపోయి పంచె ఎగ్గట్టి కోర్టులోకి పరుగెత్తాడు.

ఆ గుంపులో మల్లి లేదు. ఎరుపు పిల్లల వైపు పోయింది, విజయ దగ్గర ఆగింది. ఏదో అన్నది, చెయ్యి చాపింది. విజయ ఆ చెయ్యి అందుకుందో లేదో అడ్డంగా జనం వచ్చి కనబడలేదు. తర్వాత గోడ దగ్గరికి వచ్చింది. మోకాలు చీరుకుపోయి రక్తం, జుట్టు నిండా సున్నం. వచ్చి, హనుమంతరావు కూర్చున్న చోట కూర్చుంది. తిడుతుందేమో. తిట్టనీ. ఏడుస్తుందేమో అన్నది మాత్రం ఓర్చుకోలేనిదిగా ఉంది. కాటమరాజు కట్టె కొనతో నేల మీద గీత గీసి, చెరిపి, మళ్ళీ గీశాడు. మైకులో జట్టు పేరు, పిల్లల పేర్లు పిలుస్తున్నారు, పెద్దారవీడు మల్లి అని రెండుసార్లు పిలిచారు. పిల్ల కదల్లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది ఆయనకు, పొడుగ్గా, తెగకుండా.

"తాతా."

"ఊఁ."

"మూడడుగులంటివే."

"ఊఁ."

కాలు చాపి, మడమతో ఆయన గీత పక్కన కొలిచి చూపించింది మల్లి.

"నాలుగు," అనింది.